జూకి పంపితే రక్షించినట్టేనా?

మచిలీపట్నం నుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ పోయే రోడ్డు మీద రాత్రివేళ ఏ లారీయో తగిలి ఒక బావురు పిల్లి పడిపోయిందనుకోండి. తెల్లారేసరికి చుట్టూ జనం మూగుతారు. చిరుత పిల్ల అంటాడొకడు, కాదు జంగపిల్లి అంటాడింకొకడు. ఫోన్లు పైకి లేస్తాయి. కాసేపటికి ఫారెస్టు వాళ్ళు వచ్చి బోనులో ఎక్కించుకుపోతారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ మీద ఫొటో, దాని కింద ఒక ముక్క: చికిత్స అనంతరం జూకి తరలించారు. చదివినవాళ్ళ మనసు కుదుటపడుతుంది. పోనీలే పాపం, అక్కడైతే వేళకు తిండి పెడతారు, డాక్టర్లుంటారు, లారీలుండవు.

ఈ ‘పోనీలే పాపం’ మీదే నా అభ్యంతరం. ఇది రాతిగుండె మనుషుల మాటైతే పట్టించుకోనవసరం లేదు. జంతువుల మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్ళే ఈ మాట అంటున్నారు. అధికారులూ అదే నమ్ముతున్నారు, రాసే విలేకరీ అదే నమ్ముతున్నాడు. అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది. నయమయ్యే దెబ్బతో దొరికిన అడవి జంతువును శాశ్వతంగా జూకి అప్పగించడం రక్షణ కాదు. ఆ జంతువుకు అది యావజ్జీవ ఖైదు. ఈ కృష్ణా డెల్టాకు అది ఒక చావు కింద లెక్క. దగ్గర్లోనే వైద్యం చేసి, కోలుకున్నాక, ఎక్కడ దొరికిందో ఆ కాలువ గట్టునే మళ్ళీ వదిలిపెట్టినప్పుడే కాపాడినట్టు.

బావురు పిల్లి అంటే ఏమిటో తెలియక ఈ తేలికతనం వస్తోందని నా అనుమానం. ఊరపిల్లికి రెండింతలుంటుంది. బాగా ఎదిగిన మగది పద్నాలుగు పదిహేను కిలోలు తూగగలదు. ముందుకాళ్ళ వేళ్ళ మధ్య కొంతమేర చర్మపు పొర, తడి ఒంటికి అంటనివ్వని దట్టమైన లోపలి బొచ్చు, పూర్తిగా లోపలికి ముడుచుకోని గోళ్ళు. పిల్లి జాతిలో పుట్టి నీళ్ళలో దూకి చేపను పట్టుకు తినే జంతువు ఇది. పీతలు, ఎలుకలు, పాములు, నీటి పక్షులు కూడా దాని తిండే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని పులితో పాటు మొదటి షెడ్యూలులో పెట్టింది. ఎక్కడా వేలల్లో లేదు. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యంలో 2018 నాటి లెక్కలో 115, ఒడిశాలో చిలికా సరస్సు దగ్గర 2022 లెక్కలో 176. తూర్పు తీరం వెంట సుందరవనాల నుంచి దిగుతూ వచ్చిన ఈ జాతి కృష్ణా ముఖద్వారం దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఆగిపోతుంది. అంటే ఈ తీరంలో దాని ఇంటికి దక్షిణపు గడప మన దివిసీమ.

సొర్లగొంది, ఎదురుమొండి, నాచుగుంట, గుల్లలమోద వైపు మడ అడవుల్లో సుమారు 195 చదరపు కిలోమీటర్ల కృష్ణా అభయారణ్యం ఉంది. అక్కడ కెమెరాలు పెడితే బావురు పిల్లులు కనిపించాయి. కానీ అవి అభయారణ్యం లోపలే ఉండిపోయే జంతువులు కావు. మురుగు కాలువ వెంట, జమ్ము గుబురుల వెంట, చేపల చెరువుల గట్ల వెంట రాత్రంతా నడుస్తాయి. నాగాయలంక, కోడూరు, మోపిదేవి, చల్లపల్లి మనకు నాలుగు మండలాలు. దానికి ఒకే నీళ్ళు. ఆ నీళ్ళను అడ్డంగా కోస్తూ రోడ్డు పోతోంది కాబట్టే దెబ్బలు తగులుతున్నాయి.

ఇప్పుడు లెక్క వేయండి. ఆడ బావురు పిల్లి ఈతకు సాధారణంగా రెండు మూడు కూనల్ని పెడుతుంది. అవి సొంతంగా బతకడం నేర్చేసరికి తొమ్మిది పది నెలలు పడుతుంది, అంతకాలం తల్లి వెంటే. ఇంత నిదానంగా పెరిగే జాతిలోంచి, ఇంత చిన్న గుంపులోంచి, ఈడొచ్చిన ఒక ఆడదాన్ని తీసి జూలో పెట్టామంటే ఇక్కడ ఇక పుట్టాల్సిన ఈతలన్నీ పోయినట్టే. దాని ప్రాణం నిలిచిందని సంతోషిస్తాం. కాలువ గట్టుకు మాత్రం లారీ కింద చచ్చినదానికీ, బోనులో వెళ్ళిపోయినదానికీ తేడా లేదు.

ఇది జంతు ప్రేమికుల అతిశయోక్తి అనుకునేవాళ్ళు చట్టం చదవాలి. మొదటి షెడ్యూలు జంతువును ఎప్పుడు పట్టవచ్చో, పట్టాక ఏం చేయాలో చెప్పేది 11వ సెక్షన్. 2002 సవరణతో దానికొక షరతు చేర్చారు. అలా పట్టుకున్న జంతువును తిరిగి అడవిలో బతికేలా చేయడం సాధ్యం కాదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నిర్ధారించుకుని, ఆ కారణాలు రాతలో పెడితే తప్ప బందీగా ఉంచకూడదు. పట్టేటప్పుడు, తరలించేటప్పుడు జంతువుకు వీలైనంత తక్కువ బాధ కలగాలని కూడా అక్కడే ఉంది. అంటే చట్టం దృష్టిలో వదిలిపెట్టడం మామూలు సంగతి, బంధించడం కారణం చూపించాల్సిన సంగతి. మన దగ్గర తలకిందులైంది. జూకి పంపడం రివాజైంది, వదిలిపెడదామన్నవాడు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది.

అక్కడ భద్రంగా ఉంటుంది కదా అన్నది అందరి నోటా వచ్చే మాట. ఏ భద్రత? దగ్గర్లో జూ అంటే విశాఖపట్నం. విరిగిన తుంటితో, భయంతో గుండె కొట్టుకుంటున్న జంతువుకు జీపులో మూడొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. బతికి చేరితే, రాత్రి తిరిగే జీవికి పగలంతా జనం కేకలు. మైళ్ళ కొద్దీ గట్లు తిరిగినదానికి కొన్ని గజాల నేల. ఒంటి ఆరోగ్యమైనా ఖాయమా అంటే, అమెరికా జూలలోని బావురు పిల్లుల్లో మూత్రాశయ క్యాన్సర్ కనిపిస్తోందని అక్కడి పశువైద్యులు 2004లోనే ప్రచురించారు. మిగతా పిల్లి జాతుల్లో అరుదుగా వచ్చే జబ్బు అది. వేళకు తిండి, తలుపుకు తాళం ఉంటే ఆయుష్షుకు హామీ దొరికినట్టు కాదు.

దివిసీమ మనుషులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత బతికినవాళ్ళను శిబిరాల్లో పెట్టారు, అన్నం పెట్టారు, బట్టలిచ్చారు. ఆ సాయం మరువరానిది. కానీ శిబిరమే ఇక మీ ఇల్లు అని ఎవరైనా అని ఉంటే వాళ్ళు ఒప్పుకునేవారా? మళ్ళీ ఉప్పెన రావచ్చని తెలిసీ తమ మట్టి మీదికే తిరిగొచ్చి గోడలు లేపుకున్నారు.

జూ డాక్టర్లను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అడవి జంతువుల వైద్యం తెలిసినవాళ్ళు ఈ రాష్ట్రంలో చాలావరకు అక్కడే ఉన్నారు. జంతువును వాళ్ళ దగ్గరికి తోలడం మాని, వాళ్ళ నైపుణ్యాన్ని జంతువు దగ్గరికి తెప్పించమంటున్నాను.

అసలు ఇలాంటి జంతువును కోలుకునేలా చేయడమంటే ఏమిటో జనానికి తెలియదు. కట్టు కట్టడం, పాలు పట్టడం అనుకుంటారు. రెండూ కాదు. ముందు చంపేది చాలాసార్లు దెబ్బ కాదు, బెదురు. పెనుగులాడి పెనుగులాడి కండరాలు దెబ్బతింటాయి, ఆ విషం మూత్రపిండాలను పట్టుకుంటుంది, పైకి బాగానే ఉన్నట్టున్న జంతువు ఒకట్రెండు రోజుల్లో చచ్చిపోతుంది. కాబట్టి మొదటి మందు చీకటి, రెండో మందు నిశ్శబ్దం. మీద గోతాం కప్పి, గాలి ఆడే మూతపెట్టెలో పెట్టి, జనాన్ని దూరంగా పంపడం. ఫొటో కోసం గోతాం ఎత్తిన ప్రతిసారీ దాని ప్రాణంలోంచి కొంత కోసేసినట్టే.

తర్వాత మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి చూడాలి. వాహనం తగిలిన పిల్లి జాతి జంతువుల్లో తుంటి ఎముక విరగడం సాధారణం. ఎముక ముక్కలు పక్కకు తొలగకపోతే ఆపరేషన్ లేకుండానే, ఇరుకు బోనులో నాలుగు నుంచి ఆరు వారాలు కదలనివ్వకుండా ఉంచితే అతుక్కునే అవకాశం బాగా ఉంటుంది. దవడ విరిగితే తీగతో కడతారు. పొట్టకూ ఛాతీకీ మధ్య పొర చిరిగిందేమో చూసుకోవాలి, అది పైకి కనిపించదు. కోరపళ్ళు నిలిచాయో లేదో చూడాలి, కోర లేని బావురు పిల్లి జారే చేపను పట్టలేదు. ఇదంతా చేస్తూనే దాన్ని ఊళ్ళో పశువుల ఆసుపత్రి వరండాలో కుక్కలూ ఊరపిల్లుల మధ్య ఉంచకూడదు. ఊరపిల్లికి వచ్చే పార్వో జాతి వాంతులు, విరేచనాల జబ్బు దీనికి అంటితే కట్టిన కట్టు వృథా.

అన్నింటికన్నా కష్టమైన భాగం ఆ తర్వాత వస్తుంది. అది మనుషులకు అలవాటు పడకూడదు. బోను చుట్టూ గోనె పరదా. తిండి పెట్టేది ఒక్కరే, అదీ చీకటి పడ్డాక, మాట్లాడకుండా. పేరు పెట్టకూడదు, పిలవకూడదు, ముద్దు చేయకూడదు. ప్రేమ ఉన్నవాళ్ళకు ఇది నరకం, ప్రేమ ఉంటేనే చేయగలిగిన పని కూడా ఇదే. ఎముక అతికాక చిన్న నీటిగుంట, బురద, జమ్ము ఉన్న పెద్ద ఆవరణలోకి మార్చాలి. బతికున్న కొరమీను వదలాలి. పట్టిందా? మనిషి అలికిడికి పారిపోయిందా? గట్టు ఎక్కి దిగిందా? ఈ పరీక్షల్లో నెగ్గితేనే, మైక్రోచిప్ వేసి, వీలుంటే దాని ఒంటికి భారం కాని రేడియో కాలర్ కట్టి, మసక చీకట్లో దాని సొంత చోట వదలాలి. ఇందులో పెద్ద యంత్రాలేమీ లేవు. క్రమశిక్షణ కావాలి, ఓపిక కావాలి.

మన దగ్గర ఇది కుదరదంటారా? 2002లో అస్సాం అటవీ శాఖతో కలిసి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, ఐఫా అనే సంస్థ కజిరంగా పక్కనే ఒక కేంద్రం పెట్టాయి. వరదల్లో కొట్టుకొచ్చిన ఖడ్గమృగం పిల్లల్ని సాకి పెంచి మానస్ అడవికి తిరిగి చేర్చారు. అక్కడికి వచ్చిన జంతువుల్లో సగానికి మించి మళ్ళీ అడవికే పోయాయి. అది కుదిరింది అడవికి ఆనుకుని పెట్టారు కాబట్టి. మనకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అక్కడ ఒక గది, అవనిగడ్డ రేంజి పరిధిలో రెండు బోన్లు, ఒక కంచె వేసిన నీటిగుంట, పిలిస్తే వచ్చే ఒక డాక్టరు. ఈ జిల్లాకు ఇంతకు మించి అక్కర్లేదు.

వదిలితే మళ్ళీ లారీ కింద పడదా అంటారు. పడవచ్చు. వదిలినవన్నీ బతుకుతాయని చెప్పేవాడు అబద్ధం చెబుతున్నట్టే. కానీ ఈ వాదనను చివరిదాకా లాగి చూడండి. రోడ్డు ప్రమాదకరం కాబట్టి దెబ్బ తగిలిన జంతువును బంధించాలంటే, తగలని వాటిని కూడా బంధించాల్సిందే, వాటికీ అదే రోడ్డు కదా. రోడ్డు తప్పును పిల్లి మీద వేయకండి. నాగపూర్‌కు ఉత్తరాన పెంచ్ పులుల అభయారణ్యం గుండా పోయే 44వ జాతీయ రహదారి కింద జంతువుల కోసమే దారులు కట్టారు. పులులు, అడవి కుక్కలు, జింకలు వాటి కింద నడిచి పోతున్నట్టు కెమెరాలు పట్టాయి. బావురు పిల్లికి అంత పెద్ద కట్టడం అక్కర్లేదు. రోడ్డు కింద ఇప్పటికే ఉన్న తూముల్లో నీటి మట్టం పైన ఒక అడుగు వెడల్పు పొడి అంచు కడితే, తూము మొదట్లో జమ్ము నరకకుండా వదిలితే అది కింద నుంచే పోతుంది.

మరీ భయమైతే దూరంగా నల్లమలలో వదలొచ్చు కదా అన్న సలహా ఇంకోటి. ఇది దయగా వినిపించే క్రూరత్వం. మహారాష్ట్రలో జున్నర్ ప్రాంతపు చిరుతల్ని 2001 నుంచి 2003 వరకు పట్టి, కొన్నింటిని అడవుల్లోకి తరలించారు. విద్యా ఆత్రేయ బృందం ఆ అనుభవాన్ని లెక్కలతో పరిశీలించి 2011లో ప్రచురించింది. మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయి. తెలియని చోట పడేసిన జంతువు సొంతచోటు వెతుక్కుంటూ ఊళ్ళ మీద పడుతుంది, లేదా అక్కడున్న జంతువుల చేతిలో చస్తుంది. బావురు పిల్లి మనిషి మీద పడేది కాదు, నిజమే. కానీ చెరువూ మడా లేని కొండల్లో దాన్ని వదలడం, ఆకలితో చంపడానికి గౌరవప్రదమైన పేరు పెట్టడం.

కూనల సంగతి ఇంకా దారుణం. చెరకు నరికేటప్పుడో, వరి కోత మిషన్ దిగినప్పుడో, జమ్ము తగలబెట్టినప్పుడో రెండు కూనలు బయటపడతాయి. తల్లి వదిలేసిందని జాలిపడి ఇంటికి తెచ్చి పాలు పడతారు. తల్లి వదలదు. వేటకు పోయి ఉంటుంది, లేదా మనుషుల్ని చూసి పక్క కాలువలో నక్కి ఉంటుంది. పాలు పట్టి చేతుల్లో పెరిగిన కూన మళ్ళీ అడవికి పోవడం చాలా కష్టం. అదే జున్నర్ చెరకు తోటల్లో దొరికిన చిరుత కూనల్ని అక్కడి అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ వాళ్ళు డాక్టరు చూశాక అదే రోజు సాయంత్రం అదే చేలో పెట్టెలో ఉంచి దూరం జరుగుతున్నారు. రాత్రి తల్లి వచ్చి నోట కరుచుకుపోతోంది. అలా వందకు పైగా కూనలు తల్లుల్ని చేరాయి. చిరుత విషయంలో జరిగిన పని పదిహేను కిలోల పిల్లి విషయంలో జరగదా?

ఇక ఖర్చు మాట. మనుషులకే ఆసుపత్రుల్లో మంచాల్లేవు, పిల్లికి ఇంత ఆర్భాటమా అని అడిగేవాళ్ళకు కోపం లేకుండా ఒక లెక్క చెబుతాను. రెండు మూడు నెలలు వైద్యం, ఆ తర్వాత దాని తిండి అది వెతుక్కుంటుంది. జూలో పెడితే పదేళ్ళు బతకవచ్చు. పదేళ్ళ మాంసం, పదేళ్ళ మనుషులు, పదేళ్ళ బోను. ప్రజల డబ్బు మీద నిజంగా గౌరవం ఉన్నవాడు అడగాల్సింది తిరిగి వదలమనే.

చేపల చెరువుల రైతులకు వేరే బాధ ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. మేత ధర, కరెంటు బిల్లు, పడిపోయే రేటు మోస్తున్న రైతుకు గట్టు మీద సగం తిన్న చేప కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. కానీ ఆ గట్టుకు బొరియలు చేసే ఎలుకల్ని, చేలో పిలకలు కొరికే ఎలుకల్ని రాత్రంతా తినేది కూడా అదే. చెరువు మూలలకు వల కంచె, ఒడ్డున పడిన చచ్చిన చేపను ఎప్పటికప్పుడు తీసేయడం, నష్టం నిజమైన చోట పరిహారం, ఇవి చేయగలిగిన పనులు. వదిలిపెట్టే ముందు చుట్టుపక్కల చెరువుల వాళ్ళకు చెప్పకుండా వదలడం మాత్రం నేను ఒప్పుకోను. వాళ్ళు ఆ రాత్రి కాపలా కాస్తే అది బతుకుతుంది, కోపంతో ఉచ్చు పెడితే చస్తుంది.

వదలకూడనివీ ఉంటాయి. రెండు కళ్ళూ పోయినది, కోరలు ఊడినది, వెన్ను దెబ్బతిని కాళ్ళు ఈడ్చేది, మనుషుల చేతుల్లో పెరిగిన కూన. వాటిని జూకి పంపడం న్యాయమే, అక్కడ జాతి నిలవడానికి అవి పనికి రావచ్చు కూడా. కానీ ఆ నిర్ణయం రెండు నెలల వైద్యం తర్వాత ఒక డాక్టరు చెప్పాలి. బోను ఎక్కిన రోజే డ్రైవరుకు చెప్పేది కాకూడదు.

చల్లపల్లికి ఈ పనిలో ఒక అనుకూలత ఉంది, అది చాలా ఊళ్ళకు లేదు. 2014 నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు రోజూ తెల్లవారకముందే లేచి రోడ్లు ఊడుస్తున్నారు, మొక్కలు నాటుతున్నారు. రాత్రి దెబ్బ తగిలిన జంతువు ఇంకా ఊపిరితో ఉండేది, జనం ఇంకా మూగనిది ఆ వేళే. వాళ్ళ బండిలో ఒక మందపాటి గోతాం, ఒక మూతపెట్టె, రేంజ్ ఆఫీసు నంబరు ఉంటే ఈ డెల్టాలో మొదటి గంట వృథా కాదు. ఊరు తన పని చేయగలదు.

అటవీ శాఖ చేయాల్సింది మాత్రం ఊరు చేయలేదు. గన్నవరం కాలేజీతో ఒప్పందం, అవనిగడ్డ దగ్గర ఆ నీటిగుంట, తూముల్లో పొడి అంచు కోసం జాతీయ రహదారుల సంస్థకు ఒక ఉత్తరం, ఇవి శాఖ పనులు. వాటికి సమయం పడుతుందంటే ఆగుతాం. ఒక్కటి మాత్రం రేపటి నుంచే చేయవచ్చు, దానికి రూపాయి కూడా ఖర్చు కాదు. ఇక మీదట కృష్ణా జిల్లాలో దొరికిన ఏ బావురు పిల్లినైనా జూకి తరలించామని పత్రికలకు చెప్పేటప్పుడు, అది తిరిగి తన చోట ఎందుకు బతకలేదో, ఏ డాక్టరు ఏ రోజున పరీక్షించి ఆ మాట అన్నాడో, 11వ సెక్షన్ అడిగిన ఆ రాతను కూడా ఫొటో పక్కన ఇవ్వండి.